బ్లాక్ లైట్ కింద బోర్డు వెలగట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వినాయక చవితికి ముందు రోజు రాత్రి పదింటికి ఫోన్ వచ్చింది. "అన్నా, లైట్ ఏసినం. గుహ మొత్తం ఊదా రంగు వచ్చింది గానీ అక్షరాలు కనబడ్తనే లేవు. జర వచ్చి చూస్తవా?" మా పక్క కాలనీ పిల్లలు. ఇంటింటికీ తిరిగి చందాలు తెచ్చి, గోనెసంచులు, నల్ల గుడ్డ, వెదురు బొంగులతో మండపం ముందు చిన్న గుహ కట్టుకున్నారు. లోపల చీకట్లో "ప్రథమ పూజ్యుడు" అనే అక్షరాలు వెలుగుతూ కనిపించాలని వాళ్ల ఆశ. వెళ్లి చూశాను. అక్షరాలు కోసింది బండ్ల వెనక అంటించే రేడియం షీటుతో. పైన పెట్టింది ఊదా రంగు ఎల్ఈడీ బల్బు. షీటు మంచిదే, బల్బూ మంచిదే. ఈ పనికి మాత్రం రెండూ పనికిరావు.

హైదరాబాద్ చిక్కడపల్లిలో స్టిక్కర్ కటింగ్, బోర్డుల పని చేస్తాను. చవితి ముందు, నుమాయిష్ ముందు, కాలేజీ ఫెస్టుల సీజన్లో ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్లు మారతారు, లోపాలు మాత్రం దాదాపు అవే. డబ్బు పోయాక తెలుసుకునే బదులు కొనే ముందే తెలిస్తే మేలు కదా. అందుకే ఏ లక్షణం కనబడితే ఎక్కడ వెతకాలో రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. బ్లాక్ లైట్ అంటే కంటికి కనబడని అతినీలలోహిత కాంతి. అందులోనూ యూవీ-ఏ అనే భాగం, 315 నుంచి 400 నానోమీటర్ల మధ్యది. కొన్ని రంగులు ఈ కనబడని కాంతిని పీల్చుకుని, కంటికి కనబడే కాంతిగా మార్చి బయటికి పంపిస్తాయి. అవే ఫ్లోరసెంట్ రంగులు. కాబట్టి బోర్డు వెలగాలంటే నాలుగు కుదరాలి: లైటు నిజంగా యూవీ ఇవ్వాలి, మెటీరియల్‌లో ఫ్లోరసెంట్ రంగు ఉండాలి, రెండింటి మధ్య యూవీని ఆపేది ఏదీ ఉండకూడదు, చుట్టూ చీకటి ఉండాలి. కింద చెప్పే లోపాల్లో చాలావరకు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తప్పినవే.

గదంతా ఊదా రంగు, బోర్డు మాత్రం చీకటి

ఇలా కనబడితే ముందు లైటునే అనుమానించండి. మార్కెట్లో "బ్లాక్ లైట్" అని అడిగితే ఇచ్చేవాటిలో చాలా రకాలున్నాయి. మామూలు నీలి ఎల్ఈడీకి ఊదా కవర్ వేసినవి ఉంటాయి, పెళ్లి డెకరేషన్ స్ట్రిప్పుల్లో ఊదా రంగు సెట్టింగ్ ఉంటుంది. వీటిలో యూవీ లేదు. ఉన్నదంతా కంటికి కనబడే ఊదా రంగే.

దీన్ని నిమిషంలో తేల్చేయొచ్చు. జేబులోంచి 500 నోటు తీయండి, పక్కన ఒక కొత్త ఏ4 తెల్ల కాగితం పెట్టండి. గది లైట్లన్నీ ఆపి, మీ బల్బు కింద రెండింటినీ చూడండి. ఏ4 కాగితంలో తెల్లదనం కోసం కలిపే బ్రైటెనర్ ఉంటుంది, అది యూవీ తగిలితే నీలితెలుపుగా వెలుగుతుంది. నోటు కాగితంలో ఆ బ్రైటెనర్ ఉండదు, అందుకే అది చీకటిగానే ఉండి, దాని మీది నంబర్లలాంటివి మాత్రం వెలుగుతాయి. షాపుల్లో దొంగనోట్లను పట్టుకునే చిన్న మెషిన్ లోపల జరిగేదీ ఇదే. ఏ4 ప్రకాశంగా, నోటు నల్లగా కనబడితే మీ లైటు నిజమైన బ్లాక్ లైట్. రెండూ ఒకేలా ఊదాగా కనబడితే అది రంగు బల్బు. దాని కింద ఎంత ఖరీదైన మెటీరియల్ పెట్టినా లాభం లేదు.

మరి ఏది కొనాలి? పాత పద్ధతిలో అయితే బీఎల్‌బీ (బ్లాక్ లైట్ బ్లూ) ట్యూబ్. ఆరిపోయి ఉన్నప్పుడు గాజు దాదాపు నల్లగా ఉంటుంది, వెలిగితే మందమైన ముదురు ఊదా కనిపిస్తుంది. ఆ నల్ల గాజుకి పెద్ద చరిత్రే ఉంది. 1903లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ కనబడే కాంతిని ఆపి యూవీని వదిలే గాజు తయారుచేశాడు. చర్మ డాక్టర్లు మచ్చలు చూసే వుడ్స్ ల్యాంప్ పేరు ఆయనదే. ఈ ట్యూబ్ 365 నానోమీటర్ల దగ్గర ఎక్కువ యూవీ ఇస్తుంది, కంటికి కనబడే కాంతి చాలా తక్కువ ఇస్తుంది. అందుకే దీని కింద నల్ల గుడ్డ నల్లగానే ఉంటుంది, అక్షరాలు గాల్లో తేలుతున్నట్టు కనబడతాయి.

ఎల్ఈడీల్లో అయితే నానోమీటర్ల నంబర్ అడగండి. చవకగా దొరికేవి ఎక్కువగా 395 నుంచి 405. ఇవి ఫ్లోరసెంట్ ఆరెంజ్, గ్రీన్, పింక్ రంగులను బాగానే వెలిగిస్తాయి. కానీ వాటితోపాటే కనబడే ఊదా కూడా చాలా వస్తుంది కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ అంతా ఊదా పొగ కమ్మినట్టుంటుంది. 365 ఎల్ఈడీలు ఖరీదు ఎక్కువ, ఫలితం శుభ్రంగా ఉంటుంది. అందులోనూ ముందు నల్ల ఫిల్టర్ గాజు ఉన్నవి ఇంకా మంచివి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగేటప్పుడు "యూవీ ఎల్ఈడీ" అని ఆపేయకుండా ఎన్ని నానోమీటర్లో కూడా అడగండి. షాపతనికి తెలియకపోతే నోటూ కాగితమూ ఎలాగూ మీ దగ్గరున్నాయి.

బీఎల్‌బీ ట్యూబ్ కొన్నాక "వెలగనే లేదు" అని వచ్చేవాళ్లూ ఉంటారు. ఇళ్లలో పాత పట్టీలకు చోక్, స్టార్టర్ తీసేసి ఎల్ఈడీ ట్యూబులకు డైరెక్ట్ వైరింగ్ చేసేశారు. బీఎల్‌బీకి పాత ట్యూబులైటుకి లాగే చోక్ కావాలి. చోక్ తీసేసిన పట్టీలో దీన్ని పెట్టకండి, అది ప్రమాదం. చోక్ ఉన్న పట్టీ వెతకండి, లేదా ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి.

కళ్లు మండుతున్నాయి, ఇసుక పడ్డట్టుంది

మిగతావన్నీ డబ్బుకి సంబంధించిన నష్టాలు, ఇది మాత్రం మనిషికి సంబంధించింది. గదిలో "యూవీ ట్యూబ్" కింద కూర్చుని పని చేశాక కొన్ని గంటలకు కళ్లు ఎర్రబడి మండితే, చర్మం ఎండకు కమిలినట్టయితే, అక్కడ పెట్టింది బ్లాక్ లైట్ కాదు, క్రిములను చంపే యూవీ-సీ ట్యూబ్. వెంటనే ఆపేయండి, కళ్ల డాక్టరుకి చూపించండి.

వాటర్ ప్యూరిఫైయర్లలో, ఆసుపత్రుల్లో వాడే ట్యూబ్ ఇది. 254 నానోమీటర్ల కాంతి ఇస్తుంది. షాపులో "యూవీ ట్యూబ్" అని మాత్రమే అడిగితే ఇదే చేతికి రావచ్చు. గుర్తుపట్టడం తేలిక: యూవీ-సీ ట్యూబ్ గాజు నీళ్లలా తేటగా, లోపలి వైర్లు కనబడేలా ఉంటుంది. బీఎల్‌బీ గాజు ముదురు నల్ల ఊదా. తేట గాజు ట్యూబ్ కింద కూడా ఫ్లోరసెంట్ బోర్డు వెలుగుతుంది, మోసపోయేది అక్కడే. బోర్డు వెలిగిందని సంబరపడి పిల్లలను దాని కింద నిలబెట్టకండి.

దోమలు, ఈగలను చంపే మెషిన్లో ట్యూబ్ మూడో రకం. అది యూవీ-ఏనే, కానీ తెల్ల గాజు కాబట్టి నీలితెలుపు వెలుగు బాగా కనబడుతుంది. తప్పనిసరైతే వాడొచ్చు, చీకటి మాత్రం చెడుతుంది. సరైన బ్లాక్ లైట్ అయినా సరే, పవర్‌ఫుల్ 365 లైటు వైపు నేరుగా చూడొద్దు. కంటికి మసగ్గా కనిపిస్తుంది కదా అని ధైర్యం వస్తుంది, కానీ లోపల పడే కాంతి తక్కువేమీ కాదు. లైటుని తల కంటే ఎత్తులో, ముందు చిన్న అట్ట అడ్డం పెట్టి, బోర్డు వైపు తిప్పి కట్టండి.

లైటు సరైనదే, రేడియం వెలగట్లేదు

ఒక్క మాట వల్ల హైదరాబాద్‌లో ఎన్ని బోర్డులు వృథా అయ్యాయో. స్టిక్కర్ షాపుకి వెళ్లి "రేడియం" అంటే మూడు వేర్వేరు సరుకుల్లో ఏదైనా ఇవ్వొచ్చు. ఒకప్పుడు గడియారం ముళ్ల మీద నిజంగానే రేడియం కలిపిన రంగు పూసేవారు. ఇప్పటి స్టిక్కర్లలో రేడియం అనే మూలకం చుక్క కూడా లేదు, పేరు మాత్రం మిగిలింది.

మొదటిది లారీల వెనక, రోడ్డు బోర్డుల మీద ఉండే రిఫ్లెక్టివ్ షీటు. దగ్గరగా పెట్టి చూడండి, తేనెపట్టు గదుల్లాంటి డిజైనో, సన్నటి గాజు పూసల గరుకో కనిపిస్తుంది. దీని పని వచ్చిన కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపడం. హెడ్‌లైటు పడితే డ్రైవర్‌కి మెరుస్తుంది, అంతే. యూవీని పంపిస్తే యూవీనే తిప్పి పంపిస్తుంది, మన కంటికి ఏమీ కనబడదు.

రెండోది చీకట్లో వెలిగే షీటు. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, పిల్లల గది సీలింగ్ మీద నక్షత్రాలు అంటిస్తారే, అది. మంచివాటిలో స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పొడి ఉంటుంది. కాంతిని దాచుకుని, లైటు ఆపాక నెమ్మదిగా వదులుతుంది. బ్లాక్ లైట్ కింద ఇది వేగంగా చార్జ్ అవుతుంది, వెలుగుతుంది కూడా. రంగులు తక్కువ, ఫ్లోరసెంట్ అంత గాఢంగా ఉండదు, షీటు మందం కాబట్టి స్టిక్కర్లు కోసే ప్లాటర్ మెషిన్ బ్లేడ్ త్వరగా అరుగుతుంది. కరెంటు పోయినా "బయటికి దారి" బోర్డు కాసేపు కనబడాలంటే మాత్రం దీన్ని మించింది లేదు. గుహల్లాంటి సెట్టింగుల్లో ఆ ఒక్క బోర్డుకి ఇదే వాడమని గట్టిగా చెబుతాను.

మూడోదే మనకు కావాల్సింది, ఫ్లోరసెంట్ వినైల్ అనే స్టిక్కర్ షీటు. పగటి వెలుగులోనే కళ్లకు కొట్టొచ్చినట్టుంటుంది. మెరుపు ఉండదు, వెనక్కి కొట్టదు, అన్ని వైపుల నుంచీ ఒకేలా కనిపిస్తుంది. నేను కుర్రాళ్లకు చెప్పే గుర్తు ఇది: రేడియం మెరుస్తుంది, ఫ్లోరసెంట్ వెలుగుతుంది. షాపులో పేరు అడగడం మానేసి రోల్ కొస మీద చిన్న యూవీ టార్చ్ వేసి చూడండి. ట్యూబులైటు వెలుగులో తేడా తెలియదు కాబట్టి రోల్‌ని కౌంటర్ కింద నీడలోకి తీసుకెళ్లి చూడాలి. టార్చ్ వేయగానే ఆ చోటు మంట అంటుకున్నట్టు రంగు తన్నుకొస్తే అదే సరుకు.

యూవీ ప్రింట్ చేయించాం, ఫ్లెక్స్ మీద నియాన్ రంగు పెట్టాం, ఏదీ వెలగలేదు

యూవీ ప్రింటింగ్ అంటే ఇంకుని యూవీ లైటుతో ఆరబెట్టే పద్ధతి. ఆరిన ఇంకు మామూలు ఇంకే. యూవీ అనే మాట రెండు చోట్లా ఉన్నా రెండూ వేరు పనులు.

ఫ్లెక్స్ సంగతి ఇంకోటి. కంప్యూటర్ స్క్రీన్ మీద నియాన్ గ్రీన్ చూసి డిజైన్ ఓకే చేస్తారు. ఫ్లెక్స్ మెషిన్లో ఉండేవి సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్. ఆ నాలుగూ ఎంత కలిపినా ఫ్లోరసెంట్ రాదు. కొన్ని మెషిన్లకు ఫ్లోరసెంట్ ఇంకు విడిగా ఉంటుంది, అది ఉందని ముందే చెప్పి చూపించినవాళ్ల దగ్గరే చేయించండి. లేకపోతే బొమ్మంతా ఫ్లెక్స్ మీద మామూలుగా కొట్టించి, వెలగాల్సిన అక్షరాలు మాత్రం ఫ్లోరసెంట్ వినైల్‌తో కోసి పైన అంటించండి. ఎక్కువ కాపీలు కావాలంటే స్క్రీన్ ప్రింటింగ్ మంచిది. ఫ్లోరసెంట్ ఇంకులో రంగు రేణువులు పెద్దవి, కాబట్టి ముతక మెష్ (జాలి గుడ్డ) పెట్టి, తెల్ల కాగితం మీద రెండు పూతలు కొట్టమనండి.

వెలుగుతోంది గానీ మసగ్గా ఉంది

నిజంగా బుర్ర పెట్టాల్సింది ఈ లక్షణం దగ్గరే, ఎందుకంటే కారణాలు చాలా. నేను వరుసగా ఇలా చూసుకుంటూ పోతాను.

మొదట చుట్టూ చీకటి. పక్కన ఒక్క ట్యూబులైటు ఉన్నా, వీధి దీపం తలుపు సందులోంచి పడుతున్నా వెలుగు సగం చచ్చిపోతుంది. మండపం బయట, రోడ్డు మీద ఎల్ఈడీ స్తంభం కింద బ్లాక్ లైట్ బోర్డు పెట్టమని అడిగితే నేను వద్దనే చెబుతాను. అక్కడ మామూలు ఎల్ఈడీ బోర్డే న్యాయం.

తర్వాత దూరం. బల్బు దూరాన్ని రెట్టింపు చేస్తే బోర్డు మీద పడే కాంతి నాలుగో వంతుకి పడిపోతుంది. పది అడుగుల ఎత్తు సీలింగ్‌కి కట్టిన బల్బుని బోర్డుకి మూడు అడుగుల్లోకి తెస్తే, కొత్త బల్బు కొనాల్సిన పనే ఉండదు. పొడుగు బోర్డుకి బల్బు కంటే ట్యూబ్ మేలు, కాంతి ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా పడుతుంది.

మూడోది అడుగు రంగు. ఫ్లోరసెంట్ రంగులు సగం పారదర్శకం. నల్ల అట్ట మీద నేరుగా ఫ్లోరసెంట్ పెయింట్ వేస్తే, అందులోంచి పుట్టిన వెలుగులో వెనక్కి వెళ్లేదంతా ఆ నలుపు మింగేస్తుంది. ముందు తెల్ల రంగు వేసి, ఆరాక, దాని మీద ఫ్లోరసెంట్ రెండు మూడు పల్చటి పూతలు వేయండి. నల్ల బోర్డు మీద అక్షరాలు కావాలంటే అక్షరం ఆకారంలోనే తెల్లది వేసి, దాని పైన ఫ్లోరసెంట్.

తెల్ల రంగు కింద వేయాలి గానీ కలపకూడదు. రంగు లేతగా కావాలని ఫ్లోరసెంట్ పింక్‌లో మామూలు తెల్ల పెయింట్ కలిపేవాళ్లను చూశాను. తెల్ల పెయింట్లో ఉండే టైటానియం డయాక్సైడ్ యూవీని తానే పీల్చేసుకుంటుంది, ఫ్లోరసెంట్ దాకా రానివ్వదు. కింద ఉంటే అదే తెలుపు పుట్టిన వెలుగుని ముందుకి తోసి సాయం చేస్తుంది. ఒకే డబ్బా, పెట్టే చోటుని బట్టి మిత్రుడో శత్రువో అవుతుంది.

నాలుగోది పైపొర. చాలామందికి తట్టని కారణం ఇదే. బోర్డు ఎక్కువ కాలం ఉండాలని దాని మీద లామినేషన్ చేయిస్తారు. ఆ ఫిల్మ్‌లో యూవీ ప్రొటెక్షన్ ఉంటే, ఎండలోని యూవీని ఆపినట్టే మన బ్లాక్ లైట్‌నీ ఆపేస్తుంది. పాలీకార్బొనేట్ షీటు అడ్డం పెట్టినా, రెండు గాజుల మధ్య ఫిల్మ్ ఉండే లామినేటెడ్ గ్లాస్ వెనక పెట్టినా ఇదే జరుగుతుంది. పరీక్ష: ఏ4 కాగితం మీద ఆ ఫిల్మ్ ముక్క పరిచి బ్లాక్ లైట్ కింద చూడండి. ఫిల్మ్ ఉన్న చోటు చీకటి పడితే దొంగ దొరికినట్టే. లోపల పెట్టే బోర్డుకి లామినేషన్ అసలు అక్కర్లేదు. దుమ్ము పడితే మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

చివరగా రంగు ఎంపిక. మన కన్ను పసుపు కలిసిన ఆకుపచ్చని అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది, చీకట్లో ఎరుపుని తక్కువ పట్టుకుంటుంది. కాబట్టి దూరం నుంచి చదవాల్సిన అక్షరాలకు ఫ్లోరసెంట్ ఎల్లో-గ్రీన్ లేదా ఆరెంజ్, అంచులకూ పువ్వులకూ పింక్. వైలెట్ అక్షరాలు అడిగితే వద్దని నచ్చజెప్పండి, అసలే ఊదా లైటులో కలిసిపోతాయి.

తెల్ల అక్షరాలు బూడిద రంగులో కనబడుతున్నాయి

చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ ఆశ్చర్యపోతారు. తెల్ల చొక్కా ధగధగా వెలుగుతుంది, తెల్ల వినైల్ మాత్రం చచ్చుగా ఉంటుంది. చొక్కాకి వెలుగు డిటర్జెంట్లోని బ్రైటెనర్ వల్ల వచ్చింది. వినైల్‌కి, తెల్ల అక్రిలిక్‌కి తెలుపు టైటానియం వల్ల వచ్చింది, అదేమో యూవీని తినేస్తుంది. తెల్ల వెలుగు కావాలంటే మంచి తెల్ల కాగితమో, కార్డో, తెల్ల కాటన్ గుడ్డో కోసి అంటించండి. నీలి ఛాయ ఉంటుంది, అందంగానే ఉంటుంది.

అక్రిలిక్ బోర్డు అంచులు వెలగట్లేదు

ఫ్లోరసెంట్ అక్రిలిక్ అందం అంతా అంచులోనే. షీటు మొత్తంలో పుట్టిన వెలుగు లోపలే తన్నుకుంటూ వెళ్లి అంచు దగ్గర బయటపడుతుంది. వెడల్పాటి షీటు, సన్నటి అంచు, అందుకే అక్కడ అంత గాఢం. అంచు డల్‌గా ఉంటే రంపంతో కోశారేమో చూడండి. లేజర్ కటింగ్ చేస్తే అంచు గాజులా నున్నగా వస్తుంది. రంపంతో కోసినదైతే సన్నటి వాటర్ పేపర్‌తో రుద్ది పాలిష్ చేయించాలి. షీటు వెనకంతా స్టిక్కర్ అంటించినా వెలుగు దారిలోనే లీకైపోతుంది. బోర్డుని స్క్రూలతో నిలబెట్టండి, వెనక ఖాళీ వదలండి.

ఒక జాగ్రత్త. లేజర్ కట్ చేసిన అక్రిలిక్‌ని శానిటైజర్‌తో, గ్లాస్ క్లీనర్‌తో తుడవకండి, అంచుల్లో సన్నటి పగుళ్లు పాకుతాయి. సబ్బు నీళ్లు చాలు.

అక్షరాలు వెలుగుతున్నాయి, చదవడానికి రావట్లేదు

ఇంగ్లిష్ బోర్డులకు ఈ బాధ తక్కువ, మన లిపికి ఎక్కువ. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద వెలిగే గీత అసలు కంటే లావుగా కనబడుతుంది. "ణ", "ఖ", "ఘ" లోపలి ఖాళీలు పూడుకుపోతాయి, వత్తులు పై అక్షరానికి అతుక్కున్నట్టు కనిపిస్తాయి. పగలు బాగా కనిపించిన లావు ఫాంట్ రాత్రి ఒక ముద్దలా ఉంటుంది. కాబట్టి ఫాంట్ ఒక మెట్టు సన్నంది తీసుకోండి, అక్షరాల మధ్య ఎడం పెంచండి, వత్తుని రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి జరపండి. కోసే ముందు డిజైన్‌ని కంప్యూటర్లో నల్ల మీద తెలుపుగా మార్చి, పది అడుగులు వెనక్కి నడిచి, కళ్లు కొంచెం చికిలించి చదవండి. అప్పుడు కలిసిపోయినవి రాత్రీ కలిసిపోతాయి.

ఇంకోటి, ప్లాటర్ కోశాక అక్కర్లేని వినైల్ పీకేటప్పుడు "థ", "ఠ" లోపలి చుక్కలు దాంతోపాటే లేచిపోతాయి. ఫ్లోరసెంట్ వినైల్ మామూలుదానికంటే పెళుసు, తొందరపడితే సన్నటి తలకట్లు కూడా తెగుతాయి. నేను షీటుని బల్ల మీద పరిచి, ఎడమ చేతి చూపుడు వేలితో చుక్కని నొక్కి పట్టుకుని, కుడి చేత్తో వ్యర్థాన్ని పైకి కాకుండా పక్కకి, షీటుకి ఆనించినట్టు మెల్లగా లాగుతాను. అక్షరాలను ఎత్తి బోర్డు మీదికి మార్చే టేప్ అంటించే ముందు చుక్కలు లెక్కపెట్టుకుంటాను. చుక్క పోయిన "ఠ" పక్కా "ర" అయి కూర్చుంటుంది, అదీ చీకట్లో వెలుగుతూ.

నల్ల గుడ్డ మీద తెల్ల చుక్కలు

నూలు పోగులు, దుమ్ము. ఉతికిన బట్టల నుంచి రాలిన పోగుల్లో బ్రైటెనర్ ఉంటుంది, అవి నక్షత్రాల్లా వెలుగుతాయి. వెడల్పు టేపుని చేతికి తిరగేసి చుట్టుకుని, బ్లాక్ లైట్ వేసి ఉంచి, ఒక్కొక్కటీ అద్ది తీసేయండి. గుడ్డ మెరవని నలుపుదై ఉండాలి. నిగనిగలాడే నల్ల ఫ్లెక్స్ వాడితే లైటు ఊదా రంగే అద్దంలోలా కనబడుతుంది.

పోయినేడు వెలిగింది, ఈ ఏడు వెలగట్లేదు

ఫ్లోరసెంట్ రంగుకి ఎండే శత్రువు. వెలిగించే యూవీయే కొంతకాలానికి ఆ రంగు అణువులను విరగ్గొడుతుంది. మన ఎండలో బయట పెట్టిన ఫ్లోరసెంట్ వినైల్ ముందు లేతబారి, తర్వాత పాలిపోయి, చివరికి మామూలు రంగు కంటే హీనంగా అవుతుంది. పింక్, ఆరెంజ్ ముందు పోతాయి. దీనికి రిపేరు లేదు, కొత్తది కోయాల్సిందే.

నిలవ చేసే పద్ధతి మార్చుకుంటే మళ్లీ మళ్లీ ఖర్చు రాదు. నిమజ్జనం అయ్యాక బోర్డులను డాబా మీద పడేయకుండా, నల్ల కవర్లో చుట్టి గదిలో పెట్టండి. అద్దాల తలుపులున్న షాపులో ఎండ తగిలే ర్యాక్‌లో ఉన్న రోల్ కొనకండి. బయటి చుట్టూ లోపలి చుట్టూ పక్కపక్కన పెట్టి చూస్తే పాలిపోవడం అక్కడే తెలుస్తుంది. జనం లేని వేళ బ్లాక్ లైట్ కూడా ఆపేయండి.

కంటికి బాగుంది, ఫోన్లో అంతా నీలం

ఫోన్ కెమెరా కనబడే ఊదాని ఎక్కువగా పట్టుకుంటుంది. వెలిగే అక్షరం మీద వేలు నొక్కి ఫోకస్ లాక్ చేసి, బ్రైట్‌నెస్ కిందికి లాగితే రంగులు తిరిగొస్తాయి. లైటు ఫ్రేములో కనబడకుండా చూసుకోండి.

రేపే పండగ, షాపులు మూసేశారు

ఆ రాత్రి పిల్లల పరిస్థితి ఇదే. వినైల్ దొరికే టైం కాదు. మా షాపులో ఉన్న రెండడుగుల బీఎల్‌బీ ట్యూబ్, చోక్ ఉన్న పట్టీతో సహా తెచ్చి గుహలో మూడు అడుగుల దూరంలో కట్టాను. "మీ ఇళ్లల్లో పుస్తకాలకు అట్టలు వేసుకునే ఫ్లోరసెంట్ చార్టులు ఉన్నాయా?" అని అడిగాను. నలుగురు పరుగెత్తారు. రెండు ఆరెంజ్, ఒక గ్రీన్ దొరికాయి. ట్యూబ్ కింద పెట్టగానే చార్టు నిప్పులా లేచింది, పిల్లలు కేకలు పెట్టారు. ఆ చార్టులు చవకవే గానీ, లోపల నాలుగు రోజులు ఉండే బోర్డుకి ఖరీదైన వినైల్‌తో పోటీ పడతాయి.

వెనక పెన్సిల్‌తో తిరగేసి గీసి, కత్తెరతో కోశాం. అంచులకు ఏ4 కాగితం పూలు. పాత రేడియం అక్షరాలు వృథా చేయలేదు, అవి మండపం బయట, బండ్ల హెడ్‌లైట్లు పడే చోట అంటించాం, అక్కడ చక్కగా మెరిశాయి. పన్నెండు దాటాక అందరూ లోపలికి వెళ్లి చూస్తుంటే, ఏడేళ్ల పిల్లాడొకడు నా చొక్కా లాగాడు. "అంకుల్, థ లోపల చుక్క లేదు." నిజమే, మరిచిపోయాం. వాడే ఇంటికి పోయి వాళ్ల అక్క పంచింగ్ మెషిన్ తెచ్చాడు. మిగిలిన ఆరెంజ్ ముక్కకి ఒక్క రంధ్రం కొట్టి, రాలిన గుండ్రటి బిళ్లకి గమ్ము రాసి, వాళ్ల నాన్న భుజాల మీదెక్కి అంటించాడు.